యాదమ్మ పంపిన మంచు

నవంబర్ 4

కాల్లో రాడ్డు, గడపలో అక్క. లేచి తిరుగుతానని నా చేతికర్ర కూడా దాచింది. ఎటూ కదల్లేను. వికారాబాద్ వచ్చి నలభై రోజులు. తాండూరు రైలు కూత ఈ మంచం దాకా వినిపిస్తుంది... నన్ను వెక్కిరించడానికే కూస్తుంది.

నవంబర్ 5

బిడ్డ సుమలత హైదరాబాద్ నుంచి పని పంపింది. ఆమె పనిచేసే దుకాణంలో పెద్దవాళ్లే బల్ల చుట్టూ చేరి బొటనవేలంత సిపాయి బొమ్మలతో యుద్ధం ఆడతారట. వాళ్లకు బల్లంత ఎడారి కావాలి. కూలిన కోట, కావలి బురుజు, నాలుగు మట్టి ఇళ్లు. అన్నిటి మీదా మంచు.

"ఎడారిల మంచేందిరా?" అన్నాడు బావ.

"నీ గుండు మీద చుండ్రు లేదా బావా? గట్లనే."

అక్క నవ్వింది. బావ టీవీ సౌండ్ పెంచాడు.

నవంబర్ 8

థర్మోకోల్ కోత. ఇసుక, జిగురు కలిపి గోడలకు పూత. బండలు కోసిన చేతికి ఇదెంత! మంచే కుదరడం లేదు. సుద్దపొడి చల్లితే సున్నం కొట్టినట్టుంది. ఉప్పు చల్లితే తెల్లారేసరికి కరిగింది.

మంచంటే... తాండూరులో నేనూ నా పెండ్లాం యాదమ్మా పనిచేసే పాలిష్ మిషన్ కింద ఎండిన బండల పొడి. అంత మెత్తనిది ఇంకెక్కడుంది?

పంపాలంటే యాదమ్మే పంపాలి.

నవంబర్ 9

రాయాలా వద్దా... రాస్తాను. ఆ రోజు నా పెండ్లాం అన్నం డబ్బాలో రబ్బరు తేలు పెట్టింది నేనే. మూత తీసింది, అరిచింది, వెనక్కి పడింది. బండ అంచుకు అరచెయ్యి తెగింది. ఏడు కుట్లు. నేను ఉరికి, తెల్ల బురదలో జారి కాలు విరగ్గొట్టుకున్నాను. ఇద్దరినీ ఒకే ఆటోలో ఎక్కించారు. దవాఖాన దగ్గర దిగేటప్పుడు ఒక్కటే మాట — "మీ అక్కింటికే పో. నేను రమ్మన్ననాడు రా."

ఇంకా రమ్మనలేదు. ఫోన్ ఎత్తదు.

నవంబర్ 12

రైల్లో జామకాయలమ్మే నర్సమ్మతో యాదమ్మకు కబురు పెట్టాను. తాండూరు నుంచి పొడి డబ్బా తెచ్చింది.

"ఏమన్న అన్నదా?"

"డబ్బ ఇచ్చింది. తలుపేస్కున్నది."

పొడి నిండా రాళ్లు. కోపంతో ఎత్తి పోసినట్టుంది. చీటీ ఉందేమోనని అడుగు దాకా వెతికాను. లేదు.

నవంబర్ 13

ఒక ఇంటికి తలుపు కొయ్యడం మరిచాను.

బావ చూసి — "గిది నీ ఇల్లే బామ్మర్దీ."

ఊరుకుంటానా? ఆయన చెప్పులో సిపాయిని నిలబెట్టాను, తుపాకి పైకి. బావ గంతేశాడు. అక్క నవ్వలేదు. "దాని చెయ్యి తెగినంక గూడ నీకు బుద్ధి రాలేదార తమ్మీ?"

సిపాయిని కడిగి పెట్టాను. నాకూ నవ్వు రాలేదు.

నవంబర్ 16

పొడి చాలలేదు. నర్సమ్మతో కబురు. ముందు చెయ్యి ఎట్లుందో అడగమన్నాను. పొడి సంగతి తర్వాత.

నవంబర్ 18

డబ్బా వచ్చింది. వేళ్లు దించాను... ఒక్క రాయి తగల్లేదు. జల్లెడ పట్టింది! పిండి జల్లించినట్టు. కుట్లు పడ్డ ఆ చేత్తోనే.

జవాబు మాత్రం — "చెయ్యి చెయ్యి లెక్కనే ఉన్నదని చెప్పుమన్నది."

పొడి వేళ్ల సందుల్లోంచి జారుతుంటే చూస్తూ కూర్చున్నాను. అన్నం చల్లారింది.

నవంబర్ 21

మంచు పడింది. చాయ్ వడగట్టే జాలీతో చల్లాను. తలుపు లేని ఇంటికి తలుపు కోశాను. అక్కడి నుంచి బయటికి మంచులో అడుగులు — ఒక పాదం, పక్కన కర్ర గుర్తు.

ఫోటో చూసి సుమలత ఫోన్ — "నాయినా, గీ కుంటి సిపాయెవరు? మస్తున్నది! అమ్మకు గూడ పంపిన."

"ఏమన్నది?"

"చూసింది."

అంతే. చూసింది.

నవంబర్ 23

పని అయిపోయింది. ఇంకో డబ్బా కావాలని అబద్ధం ఆడాను.

నవంబర్ 25

డబ్బా నిండా మంచు. చెయ్యి దించాను. వేళ్లకు ఏదో... కాళ్లు, కొండి —

నా అరుపుకు డబ్బా ఎగిరింది. మంచంతా బావ గుండు మీద. అక్క కడుపు పట్టుకుని కూలబడింది.

రబ్బరు తేలు. నాదే. ఇన్నాళ్లూ దాచిపెట్టింది.

"ఏమన్న అన్నదా నర్సమ్మా?"

"ఏమనలే. నేను మలుపు తిరిగెదాంక తలుపు కాడనే నిలవడ్డది."

రమ్మన్నట్టా... బాకీ తీర్చుకున్నట్టా? ఏం అర్థం కాదు. తేలు దిండు పక్కనే ఉంది. రైలు కూస్తోంది.

నా కర్ర ఎక్కడ దాచిందో అక్క...