ఐదేళ్ల క్యారియర్ ఒప్పందం

విండ్సర్

చిరంజీవి త్యాగరాజుకి,

బావగా అయితే ఆశీస్సులు. విండ్సర్ తెలుగు సంఘం బాస్కెట్‌బాల్ టీమ్ మేనేజర్‌గా అయితే, నీకు సిగ్గుందా?

మా రేవంత్‌ని మీ విన్నిపెగ్ టీమ్‌లోకి లాక్కోవాలని చూస్తున్నావు. ఆ కుర్రాడు పోతే మా టీమ్‌లో మిగిలేది మోకాళ్ల నొప్పులే. ఒక్కసారైనా కప్పు మా హాల్లో పెట్టుకుందామని రిటైరైన దగ్గర్నుంచీ చస్తున్నాను.

అనుమానం ఎందుకొచ్చిందంటావా? మన కెనడా తెలుగు లీగ్‌లో జీతాల్లేవు, ఆదివారం భోజనం క్యారియరే జీతం. రేవంత్ దగ్గరుండాల్సిన మా స్టీలు క్యారియర్లన్నీ నిన్న మా వంటింట్లో తోమి బోర్లించి ఉన్నాయి. ఊరొదిలి పోయేవాడు తప్ప గిన్నెలన్నీ ఒకేసారి ఎవడైనా తిరిగిస్తాడా? అదీ ఖాళీగా! కనీసం ఓ అరటిపండైనా పెట్టి ఇవ్వాలని వాళ్లమ్మ నేర్పలేదా?

రూల్ గుర్తుందిగా. పాత టీమ్ ఐదేళ్ల ఒప్పందం ఇవ్వచ్చు, కొత్త టీమ్ నాలుగేళ్లకి మించి ఇవ్వకూడదు. ఏ స్టారూ ఏడాది భోజనం వదులుకుని రాడు.

మండిపడుతున్న మీ బావ,
అమరేశ్వరరావు

తా.క. ఫోన్లో తిడదామనుకున్నాను. ఆటగాళ్లని మార్చుకునే ట్రేడ్ సంగతులు రాతలోనే ఉండాలని రూల్ పెట్టింది నేనే కాబట్టి ఈమెయిల్‌లో తిడుతున్నాను.

*

విన్నిపెగ్

బావగారికి నమస్కారాలు.

రేవంత్ మాకొద్దు. మంచి ఆటగాడే, కానీ వాడొక్కడు తినేది మా టీమంతా కలిసినా తినలేదు.

అయితే మీ దగ్గర అబద్ధమాడలేను. విండ్సర్ నుంచి ఒకరు మాకు వస్తున్న మాట నిజం. పేరు చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. నాలుగేళ్లకి సంతకం కూడా అయిపోయింది. పాత టీమ్‌లో ఐదో ఏడాది దొరుకుతుందని నేనే గుర్తుచేశాను. "అక్కడ నన్నెవరడిగారు?" అన్నారు.

మీ ఆరోగ్యాన్నీ, మీ ఓటమినీ కోరుకునే
త్యాగరాజు

తా.క. ఇక్కడి చలికి మంచి కోటు కొనిపెట్టాం. మీరేమీ పంపక్కర్లేదు.

*

విండ్సర్

చిరంజీవి త్యాగరాజుకి (అలవాటు కొద్దీ రాశాను, ఆనందపడకు),

రేవంత్ వద్దంటూనే కోటు కొన్నావా? నేనేం వెర్రివాణ్ణా? ఉత్తరం చదవగానే వాడు పార్ట్‌టైమ్ చేసే కాఫీ షాపుకి డ్రైవ్ చేశాను. "నేనెక్కడికీ పోతలేను అంకుల్" అన్నాడు. పోయేవాళ్లంతా అలాగే అంటారు. వాడు కాదన్నకొద్దీ నేను పెంచాను. ఐదేళ్లు, వారం వారం, గుత్తివంకాయ, పులిహోర, పండగలకి బొబ్బట్లు. వాణ్ణి ట్రేడ్ చెయ్యకూడదు, మెనూ తగ్గించకూడదు. అడక్కపోయినా ఆవకాయ కూడా రాశాను.

వాడు ఒకే ఒక్క లైను కలిపాడు: అంతా మేనేజర్ ఇంట్లో వండిందే అయ్యుండాలి, బయట కొన్నది చెల్లదు. పిచ్చి సన్నాసి! అదొక షరతా? వెంటనే సంతకం పెట్టేశాను. మీ అక్క మా అమ్మాయి సాత్వికని చూడ్డానికి ఎడ్మంటన్ వెళ్లింది. వచ్చాక చెప్తాను, సంతోషిస్తుంది.

ఇట్లు, నిన్ను చిత్తుచేసిన
అమరేశ్వరరావు

తా.క. ఆ కోటు షాపులో వాపసు ఇచ్చెయ్.

ఇంకో తా.క. మీ అక్క ఫోనెత్తడం లేదు. నీకేమైనా కాల్ చేసిందా?

*

విన్నిపెగ్

బావగారికి,

కోటు వాపసు ఇవ్వడం కుదరదు. అది వేసుకుని అక్క ప్రాక్టీసుకి వెళ్లింది.

అవును, మా కొత్త కోచ్ అక్కే. ఎడ్మంటన్ వెళ్లిన మాటా నిజమే. సాత్వికని చూసి, అట్నుంచి అటే ఇక్కడికొచ్చింది. ఆ క్యారియర్లు రేవంత్ తనంతట తాను తిరిగివ్వలేదు, తను వెళ్లాక మీకు పనికొస్తాయని అక్కే అడిగి తెప్పించింది.

అక్క గుంటూరులో కాలేజీ టీమ్ కెప్టెన్. పెళ్లిచూపుల్లో నాన్నగారు ఆ ముక్క చెప్పారు కూడా. మీరు "వంట వచ్చా?" అన్నారు. ఇన్నేళ్లూ బెంచీ మీద క్యారియర్లు పెట్టుకుని కూర్చుని మీ టీమ్ తప్పులన్నీ చూసింది. చెప్పబోతే మీరు "పెరుగన్నం తెచ్చావా?" అనేవారట. ఇక్కడ మా టీమ్‌లో విష్ణుగాణ్ణి నిన్న పరిగెత్తించిన పరుగుకి వాడు మెట్లెక్కలేకపోతున్నాడు.

"బావగారు ఐదేళ్లు ఇవ్వగలరు కదక్కా, ఎందుకొచ్చేశావు?" అనడిగాను. "అడిగితే కదరా" అంది. నాకు బాధేసింది బావగారూ.

మీరు మెయిల్‌లో రాసిన ఒప్పందం అక్కకి చదివి వినిపించాను. అందులో తన పేరెక్కడైనా ఉందా అని రెండుసార్లు చదివించుకుంది. లేదు. మీరు హడావిడిగా కాఫీ షాపుకి పరిగెడతారని అక్కకి ముందే తెలుసు. ఆ ఇంటి వంట షరతు రేవంత్‌కి నేర్పింది కూడా తనే.

మీ మంచి కోరే బావమరిది,
త్యాగరాజు

తా.క. ఆదివారం పొద్దున్నే రేవంత్ క్యారియర్ కోసం వస్తాడట. ఉప్పు డబ్బా స్టవ్ పక్కనే ఉందని అక్క చెప్పమంది. ఇన్నేళ్లూ అక్కడే ఉందట.