శతావరి పొడి

మంగళవారం, రాజోలు

నాకు మూడు నెలలుగా నెలసరి రాలేదు. వెయిట్‌లిఫ్టింగ్ పోటీకి బరువు తగ్గాలని పూటకో చపాతీతో సరిపెడుతున్నాను. హార్మోన్లు కుదురుతాయని జిమ్‌లో ఎవరో చెబితే శతావరి పొడి కూడా తాగుతున్నాను. ఈ రోజు ఆ డబ్బా తీసుకెళ్లి నర్సుగా చేసే మేరీ అత్తయ్యగారికి చూపించాను.

"పొడి సంగతి డాక్టరుగారు చెబుతారు గానీ, అన్నం తిని ఎన్నాళ్లయిందమ్మా?"

"పోటీ అయ్యేదాకా మానేసేనండి."

"ఒంటికి తిండే లేకపోతే నెలసరి ఎలా వస్తుందే? రేపు ఆసుపత్రికి రా, పరీక్షలు చేయిద్దాం."

"ఆయ్," అన్నాను.

ఇంటికొచ్చి పప్పన్నం తిన్నాను. రెండో ముద్దకే కళ్లనీళ్లు వచ్చాయి. ఇంత ఆకలితో ఉన్నానని నాకే తెలియలేదు.

బరువు తగ్గకుండా పై బరువు విభాగంలో దిగుతానని కోచ్‌గారికి చెప్పాలి. ఒప్పుకోకపోతే ఈసారికి పోటీ మానుకుంటాను. అలా అనుకుంటే భయం వేస్తుందనుకున్నాను. వేయలేదు.