వెరోనికమ్మ గుడ్డ

శౌరమ్మా,

నువ్వు పోయాక ఇదే మొదటి గుడ్ ఫ్రైడే. సిలువ మార్గం ఊరేగింపులో ఏటా నువ్వు వెరోనికమ్మగా నిలబడే ఆరవ స్థలంలో ఈసారి మన సంఘ పెద్ద వాళ్ల కోడలు నిలబడింది. సిలువ మోసే యేసు ముఖం వెరోనికమ్మ తుడిస్తే ఆ గుడ్డ మీద ఆయన ముఖం అచ్చుపడిందంటారు కదా, వీళ్లు ముందే అచ్చు వేయించి తెచ్చారు.

సరిగ్గా అక్కడే, మిర్చి కోతకు వచ్చిన కూలీ ఒకామె ఎండదెబ్బకు రోడ్డు మీద కూలబడింది.

"ఆమెను జర పక్కకు జరపుండ్రి, ప్రార్థన ఆగొద్దు" అన్నాడు పెద్ద, మైకులో.

నాకు ఒళ్లు మండింది. కోడలి చేతిలో గుడ్డ లాక్కున్నాను.

"తాతా, ఖరాబైతది!"

"కానియ్! మరెందుకు తెచ్చినవ్?"

నలుగురిలో నోరు విప్పనని నువ్వు తిట్టేదానివే, ఆ నేనే అరిచాను. సీసాలో నీళ్లతో గుడ్డ తడిపి ఆమె ముఖం తుడిచాను. కళ్లు తెరిచింది. తోటి కూలీలు ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారు. ఊరేగింపు మాత్రం యేసు బాధలు పాడుకుంటూ, ఏడ్చుకుంటూ మా పక్కనుంచే పోయింది.

గుడ్డ ఉతికాను. అచ్చు చెదిరింది, మిర్చి ఘాటు పోలేదు. తిరిగిమ్మని సంఘ పెద్ద ఓ మనిషిని పంపాడు. ఆ పెద్దనే రమ్మన్నాను. వచ్చేదాకా ఈ కోపం చల్లారనివ్వను.

నీ ఇన్నయ్య