నాకు రాని ఆయాసం

చిన్నోడా,

నాకు ఆయాసం వచ్చిందనీ, ఆసుపత్రికి తీసుకెళ్లే తొందరలో ఎర్రలైటు దాటాననీ పోలీసులకు చెప్పావట. నాకు ఆయాసం రాలేదు. మనం వెళ్తున్నది చెప్పుల దుకాణానికి. నేను బండి మీద నీ వెనక కూర్చుని బఠానీలు నములుతున్నాను.

"రెడ్ పడిందిరా, ఆగు" అన్నాను.

"పోలీసు లేడులే నాయనమ్మా, వెనకవాడు హారన్ కొట్టి చంపుతున్నాడు" అన్నావు.

మీ భయమంతా లైటు కింద నిలబడే మనిషంటేనే. ఆ హారన్ కొట్టినవాడు పక్కనుంచి చక్కా పోయాడు. సైకిలు మీద వస్తున్న దర్జీకి మన బండి గుద్ది, మిషను తొక్కే కాలు విరిగింది. నా ఆయాసం మీద జాలిపడి, ఇప్పుడు చూసుకోకుండా వచ్చాడని అతన్నే తప్పుపడుతున్నారు.

రేపు నేనూ స్టేషనుకు వచ్చి జరిగింది చెబుతాను. పడినప్పుడు విరిగిన నా కళ్లజోడు బాగుచేయడానికి అద్దాల దుకాణంలో ఇచ్చాను. పొద్దున్నే తీసుకురా. అది లేకుండా వెళ్తే, ముసలిదానికి ఎరుపేదో పచ్చేదో తెలియదంటారు.

నాయనమ్మ