గోలు ముందరి గడ్డి

రమణమ్మక్కకు,

నీ తమ్ముడు పెంచలయ్య నమస్కారం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేనూ నీ మరదలు సుజాతా కులాసాగా ఉన్నాము. అక్కడ నువ్వు, బావ, పిల్లలు, మన అవ్వ అందరూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఆత్మకూరు డాక్టరు నీ మోకాళ్లకు ఇచ్చిన మందు మానకుండా వేసుకుంటున్నావా? ఫోన్లో అడిగితే "వేసుకుంటా ఉండాన్లేరా" అంటావు. నాకు నమ్మకం లేదు.

నేనూ నీలాంటివాణ్ణే. నువ్వు "ఎట్టుండావురా" అని అడుగుతావు, నేను "బాగుండానక్కా" అంటాను, అక్కడితో సరి. ఈ మధ్య ఇక్కడ జరిగింది మాత్రం అట్లా తేలిపోయేది కాదు. అందుకే కాగితం తీసుకున్నాను.

సుజాత ఆసుపత్రి డ్యూటీ ఎప్పటిలాగే ఉంది. చలి తగ్గింది కానీ వాన పోలేదు. వాన అంటే మన వాన కాదు, పగలంతా మొహం మీద తడిగుడ్డ కప్పినట్టు ఉంటుంది. బియ్యం మంచివే దొరుకుతున్నాయి. నా తిండి గురించి బెంగపడకు.

నా పని సంగతి ఇన్నాళ్లూ నీకు సరిగ్గా చెప్పలేదు, నవ్వుతావని. ఈ ఊరి ఫుట్‌బాల్ గ్రౌండులో నేను గడ్డి పెంచుతాను. నిమ్మతోట పెంచినవాణ్ణి, వరి నాటినవాణ్ణి, ఇక్కడ ఏ గొడ్డూ మేయని గడ్డికి నీళ్లు పెడుతున్నాను. నా పైన జార్జ్ అని ఒక పెద్దాయన ఉన్నాడు. మాట గట్టి, మనిషి మంచివాడు.

పొద్దున్నే నేను వెళ్లేసరికి గ్రౌండంతా పొగమంచు కమ్మి ఉంటుంది. ఉదయగిరి కొండ మీదికి మబ్బు దిగినప్పుడు చూశావు కదా, అచ్చం అట్లాగే. గోలు స్తంభాలు నేలకు ఆనకుండా గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తాయి. నేను అడుగు వేస్తే నా అడుగు నాకే వినపడదు. ఒక్కోసారి నేను ఇంగ్లండులో ఉన్నానో, నిద్రలో ఉన్నానో తెలియదు.

ఆ మంచులోంచే ఒకరోజు కెవిన్ నడిచి వచ్చాడు. మా జట్టులో స్ట్రయికర్ ఆయన. స్ట్రయికర్ అంటే గోల్ కొట్టడమే పనిగా ముందు నిలబడేవాడు. ముప్పై ఆరేళ్లు. అందరికంటే ముందు వచ్చి ఒంటరిగా గ్రౌండు చుట్టూ నడుస్తాడు. నేను ఇనుప పార మీద ఒరిగి చూస్తుంటే, నా పక్కనే గడ్డిలో కూర్చున్నాడు. అప్పటి నుంచి రోజూ కూర్చునేవాడు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే, నా చెవికి మాత్రం మన మాటలాగే వినపడుతుంది, అట్లాగే రాస్తున్నాను.

పదిహేడేళ్లప్పుడు ఆయన్ను ఒక పెద్ద క్లబ్బు తీసుకుందట. టీవీలో వచ్చే పెద్ద మ్యాచిలో ఆడాడు. ఎంతసేపు? పదకొండు నిమిషాలు. తర్వాత మోకాలు దెబ్బతింది. అది బాగయ్యేలోపల ఆయన చోటులోకి ఇంకొకరు వచ్చారు. అక్కడి నుంచి చిన్న క్లబ్బులు, చిన్న ఊళ్లు. ఒకచోట బాగా గోల్స్ కొట్టి పేరు తెచ్చుకోగానే ఇంకోచోటికి పంపేవారట.

"ఏడు ఊళ్లు మారినాను పెంచల్," అన్నాడు. "ఏ ఇంట్లోనూ గోడకు మేకు కొట్టలేదు."

మన తాత ఊరు సోమశిల డ్యాం నీళ్ల కింద మునిగి ఉందని నేను చెప్పాను. ఆయన నా వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత, "నీళ్లు తగ్గితే కనపడతాదా?" అని అడిగాడు.

"ఎండాకాలంలో పునాదులు కనపడతాయి," అన్నాను.

"పోయి చూసినావా?"

"మా నాయన చూపించినాడు. ఇది మన వంటిల్లు అని ఒక రాయి మీద నిలబడినాడు."

ఆయన గడ్డి మీద అరచెయ్యి ఆనించాడు.

ఈ ఏడాదితో ఆయన్ను జట్టులోంచి తీసేస్తున్నామని క్లబ్బువాళ్లు చెప్పేశారు. చివరికి పుట్టిన ఊరి క్లబ్బుకే వచ్చాడు కానీ ఎన్నో వారాలుగా ఒక్క గోల్ కూడా పడలేదు. సొంత ఊరివాళ్లే ఎగతాళి చేసేవారు. చివరి మ్యాచిలోనన్నా ఒకటి కొట్టాలని ఆయన ఆశ. నాదీ అదే ఆశ.

ఇక నా తప్పు విను. గోలు ముందర నేల అరిగిపోతే, చాపలాగా చుట్టి వచ్చే గడ్డి తెచ్చి పరిచాం. చలికి అది వేరు పట్టలేదు. మ్యాచి రోజు పొద్దున వేలితో అంచు ఎత్తి చూశాను, లేచి వచ్చింది. జార్జ్‌కి చెప్పాలి. ఆ రోజు ఆయన అందరి మీదా అరుస్తున్నాడు. 'నీకేం తెలుసు' అంటాడేమోనని కాలితో తొక్కి, గమ్మున ఉండిపోయాను.

చివరి పది నిమిషాలకు కెవిన్‌ను ఆటలోకి దింపారు. ఎగతాళి చేసినవాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కాసేపటికి బంతి ఆయన దగ్గరికే వచ్చింది. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. ఎడమ కాలు ఊని, కుడి కాలు ఎత్తాడు. ఊనిన కాలి కింద గడ్డి ముక్క చాపలాగే జారింది. బంతి ఎటో వెళ్లిపోయింది, ఆయన మోకాలు మెలిపడి కింద పడ్డాడు. ఇద్దరు పట్టుకుని ఆయన్ను బయటికి నడిపించారు.

ఆ రోజు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే, "ఏందయ్యా, అన్నం కలిపి ఎటో చూస్తా ఉండావు?" అంది సుజాత. అంతా చెప్పాను.

"నేను చెప్పకపోతే ఎవురికీ తెలియదు," అన్నాను.

"నీకు తెలుసు గదా. పొయ్యి ఆయన ఎదురుగా నిలబడి చెప్పు. పని పోతే పోనీ, నేను లేనా?"

ముందు జార్జ్‌కి చెప్పాను. "ఆ పొద్దునే చెప్పి ఉండాల్సింది," అని మొహం తిప్పుకున్నాడు. పనిలోంచి మాత్రం తీసెయ్యలేదు. తర్వాత కెవిన్ ఇంటికి వెళ్లాను. మోకాలికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. "పంతొమ్మిదేళ్లు ఆడినాను. గోల్ పోయిన ప్రతిసారీ తప్పు నీదే అన్నోళ్లే గానీ, నాది అని వచ్చినోడివి నువ్వొక్కడివే," అన్నాడు. నవ్వబోయాడు, కళ్లు తుడుచుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియక నేనే లోపలికి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టాను.

ఆటలు అయిపోయాక ఇక్కడ గ్రౌండు మీది గడ్డంతా గీకేసి కొత్త విత్తనం చల్లుతారు. నల్లటి నేల, మన దుక్కిలాగే వాసన. ఆ రోజు కెవిన్ చేతికర్రతో వచ్చాడు. "నాకూ నేర్పు," అన్నాడు. గోలు ముందర చేత్తో చల్లాలి. పిడికిలి ఎంత వదులుగా పట్టాలో, అడుగుకీ చేతికీ లయ ఎట్లా కుదరాలో చూపించాను. నెమ్మదిగా కుదిరింది.

ఇంతలో పావురాలు గుంపుగా దిగాయి. చిన్నప్పుడు సజ్జచేలో మనం అరిచినట్టు "హోయ్, హోహోయ్" అని అరిచాను. కెవిన్ కర్ర కింద పడేసి, అదే అరుపు అరుస్తూ, చేతులు చాపి కుంటుకుంటూ పరిగెత్తాడు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. వేల కుర్చీలు ఖాళీ. చూసేది నేనొక్కణ్ణే. ఆయన అట్లా నవ్వుతూ పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. పావురాలు లేచిపోయాక కూడా ఆగలేదు.

సుజాతతో పనిచేసే అమ్మాయి వచ్చే నెల కావలి నుంచి వస్తుంది. ఆమెతో నిమ్మకాయ ఊరగాయ పంపు, కారం తగ్గించకు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అవ్వకు మా ఇద్దరి దండాలు చెప్పు. నువ్వూ మమ్మల్ని మనసారా దీవించు. ఆ దీవెనలో కెవిన్ పేరు కూడా కలుపు అక్కా. ఆయనకు అక్క లేదు.

ఇట్లు,
నీ తమ్ముడు
పెంచలయ్య