వెల్బీలో సున్నా ఓట్లు

వెల్బీ, న్యూ హాంప్‌షైర్
నవంబర్ 10

ప్రియమైన డెల్మర్,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీసి బల్ల మీద పెట్టి మూడు రోజులైంది. దాని మీద కాఫీ కప్పు పెట్టాను, కళ్ళజోడు పెట్టాను, ఒక పూట పిల్లి కూడా పడుకుంది. అన్నిటికీ పనికొచ్చింది గాని రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. మిల్లు రంపం నీ చెవులు తినేసింది కాబట్టి, ఫోన్లో రెండు ముక్కలు చెప్పి తప్పించుకునే దారి కూడా లేదు.

ఎన్నికలు అయిపోయాయి. మన హాలిస్ రెంక్ అధ్యక్షుడు కాలేదు. ఈ సంగతి ఓక్లహోమాకి కూడా చేరే ఉంటుంది.

ఊళ్ళో నేను చేసింది చెబుతాను. ఆగస్టులో ఇంటి ముందు రెంక్ పేరున్న పసుపుపచ్చ బోర్డు పాతాను. రంపం పదును పెట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ, రంపం నా చేతిలో ఉన్నంతసేపూ, మీ రెండు పెద్ద పార్టీలూ ఒకే గొడ్డలికి రెండు వైపులనీ, ప్రభుత్వం మన జేబులోంచీ పొలంలోంచీ చెయ్యి తియ్యాలనే వాళ్ళు రెంక్ పార్టీ లిబర్టేరియన్లు ఒక్కరేననీ చెప్పాను. రంపం వదిలేసి పోలేరు కదా, విన్నారు. కొట్టు నడిపే ఎర్ల్ డకెట్ అయితే, "మూడో పార్టీకి వేసేకన్నా ఆ కాగితంలో చేప చుట్టి ఇంటికి తీసుకుపోవచ్చు కదోయ్, కూరకైనా వస్తుంది" అన్నాడు. అప్పుడు వాడికి నా కోళ్ళగూటి కథ చెప్పాను. నీకు తెలిసిందే, అయినా వినాలి. పన్నెండు కోళ్ళు. గూటికి అనుమతి కావాలన్నారు. అనుమతికి నక్షా కావాలన్నారు. నక్షాలో తలుపు ఎటు తెరుచుకుంటుందో చూపించాలన్నారు. నక్షా మీద ముద్ర పడి వచ్చేసరికి నక్క తొమ్మిదింటిని తినేసింది. అది తలుపు ఎటుందని ఎవర్నీ అడగలేదు. ఎర్ల్ కళ్ళు తుడుచుకునేంత నవ్వి, చెయ్యి కలిపి మాటిచ్చాడు. అక్టోబర్ చివరికి పదమూడు మంది అలా చెయ్యి కలిపారు. నాతో పద్నాలుగు. రెండు వందల మంది ఓటేసే ఊళ్ళో పద్నాలుగంటే మాటలు కాదు.

ఇక ఓటు సంగతి. మీ రాష్ట్రంలో రెంక్ పేరు ఓటు కాగితం మీదికే రాలేదనీ, చేత్తో పేరు రాసి వేద్దామన్నా చెల్లదనీ నువ్వు కుమిలిపోయావు. "నా ఓటు కూడా నువ్వే వెయ్యాలి ఆరిన్, ఒక్క గుర్తులో ఇద్దరం ఉందాం" అని రాశావు. ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకునే వెళ్ళాను. టౌన్‌హాల్లో మన ఊరి క్లర్కు వెర్నా గిల్బో బల్ల వెనక కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమే. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉంటుంది, అయినా "పేరు చెప్పండి" అంటుంది, చెప్పేదాకా కాగితం ఇవ్వదు. చెప్పాను. తీసుకున్నాను. తెర వెనక్కి వెళ్ళాను. బయటికి వచ్చి చెక్క పెట్టెలో వేశాను. మనిద్దరి పనీ అయిపోయింది.

మంచు ఇంకా పడలేదు. పొయ్యి గొట్టం మాత్రం నిన్న దులిపాను.

నీ
ఆరిన్

*

టల్లీ, ఓక్లహోమా
నవంబర్ 24

ప్రియమైన ఆరిన్,

నేను వెల్బీ వదిలి ఎనిమిదేళ్ళయినా మన కౌంటీ వారపత్రిక తెప్పించుకుంటూనే ఉన్నానని నీకు చెప్పానో లేదో. నిన్న టపాలో వచ్చింది. ఏడో పేజీలో ఊరివారీగా ఓట్ల పట్టిక వేశారు. వెల్బీలో ఒకడికి 121. ఇంకొకడికి 83. రెంక్‌కి సున్నా.

పదమూడు మంది సంగతి వదిలెయ్. ఎర్ల్ చెయ్యి కలిపితే వేళ్ళు లెక్కపెట్టుకోవాలని నాకు ఎప్పుడో తెలుసు. కాని నువ్వు వేశావు. కాబట్టి ఒకటి ఉండాలి. ఒకటి ఉండాల్సిన చోట సున్నా ఉందంటే ఎవరో తీసేశారు. రెండు వందల నాలుగు కాగితాలు చేత్తో లెక్కపెట్టే చోట పొరపాటు ఎలా జరుగుతుంది?

లెక్క చూసింది వెర్నా. ఆమె మీద నాకేమీ పగ లేదు. కాని మనలాంటివాళ్ళ ఓటు చెత్తబుట్టలోకి పోయినా అడిగేవాడు ఉండడని వాళ్ళ ధైర్యం. ఈసారి అడుగుతాను. యాభై ఒక్క ఏళ్ళలో నువ్వు నాతో అబద్ధమాడిన రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. ఈ మాటే పత్రిక సంపాదకుడికి రాస్తున్నాను. అక్కడి మన పార్టీ రాష్ట్ర కార్యాలయానికి కూడా.

నీ
డెల్మర్

*

వెల్బీ
డిసెంబర్ 3

ప్రియమైన డెల్మర్,

తొందరపడకు. రాసి ఉంటే ఇంకా టపాలో వెయ్యకు.

నేను ఆలోచించాను. ఆ బూత్‌లో పెన్సిల్‌ని దారంతో కట్టి ఉంచుతారు చూడు, దాని ములుకు మొద్దు. నా కళ్ళజోడు కూడా మార్చాల్సి ఉంది. గుర్తు గడిలో పడిందో, పక్కకి జారిందో. గీత సన్నగా పడితే చూసేవాళ్ళకి ఆనదు. అలాంటిదేదో అయి ఉంటుంది. పెన్సిల్ అంటే గుర్తొచ్చింది, మా నాన్న వడ్రంగి పెన్సిల్‌ని కత్తితో తప్ప చెక్కేవాడు కాదు, యంత్రంతో చెక్కితే దాని బుద్ధి పాడవుతుందనేవాడు. సరే, అది వేరే కథ.

వెర్నా జోలికి వెళ్ళకు. ఆమె సొంత తమ్ముడు ఊరి పెద్దల కమిటీకి నిలబడి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు, నీకు గుర్తుందా? మళ్ళీ లెక్కపెట్టమని జనం అడిగితే వాడి ముందే కూర్చుని మళ్ళీ లెక్కపెట్టింది. "ఒక్క ఓటే తేడా" అని చదివింది. ఆ తమ్ముడు రెండేళ్ళు ఆమె ఇంట్లో కాఫీ తాగలేదు. ఆమె ఓటు తీసేసే మనిషి కాదు.

పోయింది ఒక్క ఓటు. పోనియ్యి. మనం ముసలివాళ్ళం.

నీ
ఆరిన్

*

టల్లీ
డిసెంబర్ 14

ప్రియమైన ఆరిన్,

నీ ఉత్తరం వచ్చేసరికే నాది పత్రికలో అచ్చయింది. కత్తిరించి పంపుతున్నాను. సంపాదకుడు శీర్షిక కూడా పెట్టాడు: "వెల్బీలో ఆ ఒక్క ఓటు ఎక్కడ?"

నువ్వు వెర్నాని వెనకేసుకురావడం నీ మంచితనం. అందరి తప్పూ నీ కళ్ళజోడు మీద వేసుకోవడం నీకు కొత్త కాదు. కాని గీత సన్నగా పడినా ఓటు ఓటే, దాన్ని గుర్తించడం వాళ్ళ పని. పార్టీ లాయరు ఇదే అన్నాడు. చిన్న ఊళ్ళలో మనవాళ్ళ ఓట్లు ఏమవుతున్నాయో చూపించడానికి ఇలాంటి కేసు కోసమే చూస్తున్నారట. నీ చేత ప్రమాణపత్రం కావాలన్నాడు. అది ఈ కవరులోనే ఉంది. రెంక్‌కి ఓటేశానని అందులో ఒక్క వాక్యం. ప్రమాణం చేయించే అధికారం ఉన్నవాళ్ళ ముందు సంతకం పెట్టి పంపు.

నీకొక్కడికే చెబుతున్నాను. మా చెల్లెలు మేవిస్ ఇంటి వెనక గదిలో ఈ రెండేళ్ళూ నేను చావు కోసం కాచుకుని కూర్చున్నట్టే ఉండేది. ఇప్పుడు పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నాను. పళ్ళెం ఖాళీ చేస్తున్నానని మేవిస్ ఆశ్చర్యపోతోంది. ఆ ఒక్క ఓటులో నేనూ ఉన్నాను కదా.

నీ
డెల్మర్

*

టల్లీ
జనవరి 20

ప్రియమైన ఆరిన్,

ప్రమాణపత్రం ఇంకా రాలేదు. టపాలో పోయిందేమోనని ఇంకొకటి పంపుతున్నాను. లాయరు రెండుసార్లు అడిగాడు. ఒంట్లో బాగుందా? ఒక్క ముక్క రాయి.

నీ
డెల్మర్

*

వెల్బీ
మార్చి 15

ప్రియమైన డెల్మర్,

నేను రెంక్‌కి ఓటెయ్యలేదు.

ఈ వాక్యం మొదటే రాసేశాను, లేకపోతే మళ్ళీ పెన్సిళ్ళ గురించి మొదలుపెడతాను. నువ్వు ఇక్కడితో చదవడం ఆపేసినా నేను నిన్నేమీ అనలేను. చదివితే మాత్రం అంతా చెబుతాను.

గెలిచేలా ఉన్న ఆ ఇద్దరిలో ఒకడంటే నాకు భయం. ఎవడో చెప్పను. తెర వెనక నిలబడ్డాక ఆ భయం ఒళ్ళంతా పాకింది. పదమూడు మంది రెంక్‌కి వేస్తున్నారు కదా, నాది ఒక్కటి తగ్గితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. ఆ పదమూడు వెనక నేను దాక్కోవచ్చు. నీ ఉత్తరం జేబులో గుచ్చుకుంటోంది. పైనుంచి చేత్తో ఒకసారి అదిమి పట్టుకుని, రెండో చేత్తో రెండోవాడికి గుర్తు పెట్టాను. మర్నాడు టౌన్‌హాల్ తలుపుకి కొట్టిన కాగితం మీద సున్నా చూశాను. పదమూడు మందీ అచ్చం నాలాగే లెక్కవేశారన్నమాట. రోడ్డు మీద పసుపుపచ్చ బోర్డు ఉన్నది నా ఇంటి ముందు ఒక్కటే. ఆ పొద్దున దాన్ని పీకి కట్టెల కొట్టంలో దాచాను.

నీ ఉత్తరం అచ్చయ్యాక ఊళ్ళో ఎవరూ వెర్నాని ఒక్క మాట అనలేదు. అనేసి ఉంటేనే నయం. ఆమె దగ్గర కుక్క లైసెన్సు తీసుకున్నవాడు ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసి మరీ జేబులో పెట్టుకోవడం మొదలైంది. సున్నాకి తన వంతు సాయం ఎంతో ఆ పదమూడు మందిలో ప్రతివాడికీ తెలుసు. ఎవడూ నోరు విప్పలేదు. నేను పద్నాలుగోవాణ్ణి.

ప్రమాణపత్రం సంగతి ఇంతకన్నా సిగ్గుచేటు. ఈ ఊళ్ళో ప్రమాణం చేయించే అధికారం ఉన్నది ఒక్క వెర్నాకే. పక్క ఊరికి వెళ్ళొచ్చు, పన్నెండు మైళ్ళు. మంచు ఉందని నాకు నేను చెప్పుకుని ఆమె దగ్గరికే వెళ్ళాను. సంతకం పెట్టాలని వెళ్ళానో, ఆమె ఆపుతుందని వెళ్ళానో ఇప్పటికీ తెలియదు. ఆమె తన మీదికే వచ్చే ఆ కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. ముఖంలో ఏమీ లేదు. "కుడి చెయ్యి ఎత్తు ఆరిన్" అంది. ఎత్తాను. "ఇందులో ఉన్నది నిజమేనా?" అంది. అందరినీ అడిగినట్టే అడిగింది.

కళ్ళజోడు మరిచిపోయి వచ్చానన్నాను. అది నా ముక్కు మీదే ఉంది.

"అయితే తెచ్చుకుని రా" అంది వెర్నా. కాగితం మడిచి నా చేతికిచ్చింది.

వెళ్ళలేదు. ఫిబ్రవరిలో ఆమె ఈసారి క్లర్కుగా నిలబడనని చెప్పేసింది. వేరేవాళ్ళు ఎవరూ పేరు ఇవ్వలేదు. నిన్న ఊరి సభ జరిగింది. నూట ముప్పై మంది వచ్చారు, వెనక చర్చి ఆడవాళ్ళు బీన్స్ వడ్డించడానికి గిన్నెలు సర్దుతున్నారు. క్లర్కు ఎన్నిక వచ్చేసరికి లేచి నిలబడ్డాను. నా ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాను. అందులో కూర్చుంది ఎర్ల్.

"నవంబర్‌లో నేను రెంక్‌కి ఓటెయ్యలేదు" అన్నాను.

సభ నడిపే క్లిఫ్టన్ వాడ్లీ సుత్తి ఎత్తి, "ఎవరికి వేశారో ఎవరూ చెప్పనక్కర్లేదండీ, చట్టం ఉంది" అన్నాడు.

"చట్టం సంగతి తెలుసు. వెర్నా లెక్క సరిగ్గా ఉంది. సున్నా అంటే సున్నాయే. నా స్నేహితుడు పత్రికకి రాసింది నేను చెప్పిన అబద్ధం వల్ల."

ఎర్ల్ ఏదో ఒక జోక్ వేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. వాడు తన బూట్ల వైపు చూసుకున్నాడు. హాల్లో బూట్లు చూసుకుంటున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. నేను కూర్చున్నాను.

తర్వాత చీటీల మీద పేర్లు రాశారు. చదవడం క్లర్కు పని, కాబట్టి వెర్నాయే నిలబడి ఒక్కొక్క చీటీ విప్పి తన పేరు తనే తొంభై ఆరు సార్లు చదివింది. ఒక్కటి కూడా వదిలెయ్యలేదు, గొంతు మారలేదు. చివర "నాకు ఇష్టం లేదు" అని చెప్పి పుస్తకం మూసేసింది. మిల్లు లెక్కలు చూసే కుర్రదాన్ని ఒప్పించి ఆ పనిలో పెట్టారు.

వెళ్ళేటప్పుడు వెర్నా కోటు వేసుకుంటూ నా దగ్గర ఆగింది. కోప్పడలేదు.

"డిసెంబర్‌లో చెప్పాల్సింది ఆరిన్" అంది.

డెల్మర్, ఈ చలికాలమంతా నువ్వు పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నావు. నాకు ఆ మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. ఆమెకి చేసింది ఊరందరి ముందు చెప్పగలిగాను. నీకు చేసింది ఎవరి ముందు చెప్పాలో తెలియలేదు, అందుకే నీకే రాశాను.

అడుగున "నీ" అని రాసే హక్కు ఇంకా ఉందో లేదో.

ఆరిన్

*

టల్లీ
మార్చి 27

ఆరిన్,

ఉత్తరం అందింది. రెండు రోజులు చదివాను.

నేను రాసింది తప్పని పత్రికకి రాశాను, వెర్నా పేరు మీద మచ్చ వేసింది నేనేనని. లాయరుకి కేసు ఏమీ లేదని రాశాను. వెర్నాకి రాయబోయి రెండుసార్లు చింపేశాను. మూడోది ఇవాళ పోస్టులో వేశాను.

నీ గురించి ఏమనుకుంటున్నానో నాకింకా తెలియదు. తెలిసినప్పుడు రాస్తాను.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. మధ్యాహ్నం గాలి తగ్గాక మేవిస్ వెనక మెట్ల దగ్గర కుర్చీ వేసి నా జుట్టు కత్తిరించింది.

డెల్మర్