తెరచాపల మాస్టారు

మార్చి 3

నర్సమ్మగారు షాపుకొచ్చారు. కుడిచేతికి మోచేతిదాకా కట్టు. ఎడం చంకలో చిరిగిన తెరచాప, పోయిన నెల నేను కుట్టిచ్చిందే. పడవ బోల్తా కొట్టిందట. తెరచాప అడ్డకర్ర తగిలి మణికట్టు విరిగిందట. లైఫ్‌జాకెట్ ఉండబట్టి బతికానని నవ్వుతూనే చెప్పారు. రిటైరయ్యాక ముచ్చటపడి పాత పడవ కొనుక్కున్నారావిడ. ఏ అనుమానం వచ్చినా నన్నే అడుగుతారు.

"మీరు చెప్పినట్టు నేను సరిగ్గా చేసుండను మాస్టారూ" అన్నారు.

పర్లేదులెండి అన్నాను. పైగా ఓదార్చినట్టు మొహం పెట్టి.

సాయంత్రం 5

రాసేస్తే గానీ ఊపిరాడదు. పడవ బోల్తా కొట్టిన రోజు పొద్దున ఆవిడ ఫోన్ చేసింది. గాలి జోరుగా ఉంది, తెరచాప కింది భాగం మడిచి కట్టి చిన్నది చెయ్యాలా అని అడిగింది. ఈమాత్రం గాలికి అక్కర్లేదన్నాను. మిషన్ మీంచి కాలు కూడా తియ్యలేదు.

నాకేం తెలుసని? పంతొమ్మిదేళ్లుగా తెరచాపలు కుడుతున్నాను. ఒక్కసారి కూడా పడవెక్కలేదు. మడిచి కట్టే తాళ్ల కోసం కన్నాలు వేసేది నేనే. ఎప్పుడు మడవాలో తెలీదు. మొదట్లో ఎవరో మీరూ నడుపుతారా అనడిగితే నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వే అవునైపోయింది. తర్వాత కాదనడానికి నోరు రాలేదు.

మార్చి 4

సూది రెండుసార్లు వేల్లో దిగింది. షాపు ఓనరు సెలవు తీసుకోమన్నాడు.

మార్చి 6

పడవ నడపడం నేర్చుకుంటానని ఇంట్లో చెప్పాను. మా ఆవిడకి మొత్తం తెలుసు, ఆమెకి మాత్రం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. నేర్చుకోవడం బాగానే ఉంది, ఆ నర్సమ్మకి ఎప్పుడు చెప్తారని అడిగింది. చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాను. రెండు వీధులు తిరిగి, కోపం ఆమె మీద కాదని తెలిశాక ఇంటికొచ్చాను.

మార్చి 9

హార్బర్ పక్కనున్న, పడవ నడపడం నేర్పే స్కూలుకెళ్లాను. శుభ్రమైన చోటు. పడవలు కడిగి వరసగా పెట్టారు. కొత్తవాళ్ల బ్యాచ్ ఎప్పుడని అడుగుదామనే వెళ్లాను, ఒట్టు. స్కూలు ఓనరు నన్ను చూడగానే లేచొచ్చి చెయ్యి పట్టుకుని క్లాసులోకి లాక్కెళ్లాడు. మీ తెరచాపలన్నీ కుట్టింది ఈయనే అని పిల్లలకి చూపించాడు. గాలి గురించి రెండు మాటలు చెప్పమన్నాడు.

చెప్పాను! పది నిమిషాలు చెప్పాను. ముందు వరస అమ్మాయి నోట్సు కూడా రాసుకుంది.

దేనికొచ్చారని అడిగితే కొలతలు చూడ్డానికన్నాను. టేపు కూడా తీశాను.

మార్చి 10

ఆ అమ్మాయి ఏం రాసుకుందో.

మార్చి 12

ఇంకో స్కూలుకి ఫోన్ చేశాను. రెండు రోజుల్లో సర్టిఫికెట్ గ్యారంటీ అట. పడవకి ఎనిమిది మంది. చుక్కాని నా చేతికి ఎంతసేపిస్తారని అడిగాను. చూస్తూ ఉంటే అదే వస్తుందన్నాడు. అయినా సరే అనబోయాను. ఎందుకంటే అక్కడ నన్నెవరూ ఎరగరు. అప్పుడు తట్టింది, నేను వెతికేది నేర్చుకునే చోటు కాదు, దాక్కునే చోటు. ఫోన్ పెట్టేశాను.

మార్చి 15

బస్సులో గంటన్నర. చెరువు పక్కన రేకుల షెడ్డు, నాలుగు చిన్న పడవలు. నేర్పేది అరవై దాటిన మనిషి, ఎండకి కమిలిన మొహం. నేను అడక్కముందే చెప్పింది, పడవకి ఇద్దరే, వెనకాల మోటారు బోటులో తనుంటుంది, గాలి ముదిరితే క్లాసు లేదు.

ఫారం ఇచ్చింది. వృత్తి దగ్గర తెరచాపలు కుట్టడం అని రాశాను. కింద ఇదివరకటి అనుభవం అని ఉంది. పెన్ను ఆగింది. ఆవిడ టీ తాగి గ్లాసు కడుక్కుని వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. లేదు అని రాశాను. రెండక్షరాలు.

ఆవిడ రెండు లైన్లూ చదివింది. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. వచ్చే ఆదివారం రమ్మంది, బట్టలు ఇంకో జత తెచ్చుకోమంది.

మార్చి 18, మధ్యాహ్నం 2

నర్సమ్మగారింటికి వెళ్లొచ్చాను. ఎడంచేత్తో కష్టపడి సంతకం ప్రాక్టీసు చేస్తున్నారు. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"నేనెప్పుడూ పడవెక్కలేదండీ" అన్నాను. "ఆరోజు మీకు తెలిసి చెప్పలేదు. తెలీదని చెప్పలేక చెప్పాను."

ఆవిడ కాగితం మీద గీతలు చూస్తూ ఉండిపోయారు.

"ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకుంటున్నాను" అన్నారు చివరికి. "నాకు చేతకాదనుకుని పడవ అమ్మకానికి పెట్టాను."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. గుమ్మం దాటుతూ, ఆదివారం నుంచి నడపడం నేర్చుకుంటున్నానన్నాను. ఎక్కడని అడిగారు. చెప్పాను. మాస్టారూ అని పిలవలేదు.

మార్చి 22

మొదటి పాఠం, పడవని మనమే బోల్తా కొట్టించి లేపడం. నీళ్లు పట్టిన తెరచాప ఇంత బరువని తెలీదు. నాలుగోసారికి లేచింది. నాకు రెండు చేతులూ బాగానే ఉన్నాయి.